దాత గారికి పంచెల చాపు

2004 జూన్‌లో ఏలూరులోని ఒక ప్రైవేటు సంతాన సాఫల్య కేంద్రంలో లేబొరేటరీ ఇన్‌చార్జిగా చేరాను. అంతకు ముందు ఇరవై ఆరేళ్ళు ప్రభుత్వాసుపత్రి బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌గా పనిచేసి, స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకున్నాను. కేంద్రంలో తొమ్మిదేళ్ళున్నాను. ఆ తొమ్మిదేళ్ళలో నేను చేసిన ఘనకార్యం ఒక్కటే చెప్పమంటే ఇది చెబుతాను: కడుపుతో ఉన్న భార్య పక్కన కూర్చున్న ఒక రైతు కళ్ళలోకి సూటిగా చూసి, ఆ బిడ్డకు బీజం మీది కాదండీ అని చెప్పినవాణ్ణి నేను. పెద్ద చదువులు చదివిన డాక్టరుకు నోరు పెగలని చోట నాకు పెగిలింది.

ఈ సంగతి చాలా పెళ్ళి విందుల్లోనూ, పెన్షనర్ల సమావేశాల్లోనూ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కాస్త సాగింది. ఎంత సాగిందో చదువుతుంటే తేలుతుంది.

మా పని గురించి ముందు రెండు ముక్కలు. పిల్లలు లేరని వచ్చిన దంపతుల్లో భర్త వీర్యం పరీక్షించడం నా మొదటి పని. మూడు రోజులు భార్యకు ఎడంగా ఉండి నమూనా ఇవ్వాలి. ఇచ్చిన అరగంటకు అది పలచబడుతుంది. అప్పుడు గళ్ళున్న గాజుపలక మీద చుక్క వేసి, మైక్రోస్కోపు కింద కణాలు లెక్కపెడతాం. దాన్నే కౌంట్ అంటాం. ఒక్కటీ కనపడకపోతే నమూనాను యంత్రంలో గిర్రున తిప్పి, అడుగున చేరిన మడ్డిని మళ్ళీ చూస్తాం. అప్పటికీ లేకపోతే కొన్ని వారాలు ఆగి రెండో నమూనా తీసుకుంటాం. రెండోదీ అంతే అయితే రిపోర్టులో ‘నిల్’ అని రాసి, కింద సంతకం పెట్టి డాక్టరమ్మకు పంపడం నా వంతు.

అలాంటివారికి దాత వీర్యంతో చికిత్స చేసేవాళ్ళం. విజయవాడ నుంచి చిన్న చిన్న సీసాలు వచ్చేవి. వాటి మీద పేరు ఉండదు, ఒక నంబరు ఉంటుంది. పక్కన బ్లడ్ గ్రూపు, ఎత్తు, ఒంటి ఛాయ. దాతకు మొదటి రోజు ఒకసారి, ఆరు నెలల తర్వాత మరోసారి రక్తపరీక్షలు చేసి, జబ్బులేమీ లేవని తేలాకే ఆ సీసా వాడాలి. అప్పటిదాకా అవి ద్రవ నైట్రోజన్ డబ్బాలో ఉంటాయి. మూత తీస్తే తెల్లగా పొగ నేల మీదికి దిగుతుంది. వచ్చినవాళ్ళు కళ్ళు పెద్దవి చేసుకుని చూసేవారు. అవసరం ఉన్నా లేకపోయినా నేను మూత తీసి చూపించేవాణ్ణి. తెల్లకోటు వేసుకున్నవాణ్ణల్లా వాళ్ళు డాక్టరు గారూ అనేవారు. నేను సరిదిద్దేవాణ్ణి కాదు.

అప్పటికి ఈ వ్యవహారానికంటూ ప్రత్యేకమైన చట్టం ఏదీ లేదు. మాకున్నదల్లా ఒక అంగీకార పత్రం, అదీ ఇంగ్లీషులో. పల్లెటూళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు తెలుగులో ఉంటే బాగుంటుందని డాక్టరమ్మ అంటే, నేను రాస్తానని ముందుకు ఉరికాను. జిల్లాలో సంతాన చికిత్సకు తొలి తెలుగు అంగీకార పత్రం రాసినవాణ్ణి నేనేనని కూడా చెప్పుకుంటూ ఉంటాను. రాసిందేమిటంటే, పాత బ్లడ్ బ్యాంకు ఫారం పక్కన పెట్టుకుని, రక్తదాత అన్న చోటల్లా వీర్యదాత అని మార్చాను. డి.టి.పి. సెంటర్లో టైపు చేసేది పెళ్ళికాని అమ్మాయి. ఆ అమ్మాయి చేతికి ఆ కాగితం ఇవ్వడానికి నాకు మొహం చెల్లలేదు. గుమ్మం బయటే నిలబడి, పెన్ను తీసి, వీర్య అన్న మాట ఎక్కడున్నా కొట్టేశాను. మిగిలింది దాత. ‘దాత సహాయముతో చేయు చికిత్సకు మేము మనస్ఫూర్తిగా అంగీకరించుచున్నాము.’ చదివితే ఎంతో గౌరవంగా ఉంది. డాక్టరమ్మ పని ఒత్తిడిలో చూడకుండానే సరేనన్నారు.

సూర్యారావు, నాగమణి ఆ ఏడాది వానాకాలంలో వచ్చారు. పెంటపాడు దగ్గర పల్లె వాళ్ళది. మూడెకరాల సొంత చేను. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. సూర్యారావు పొడుగాటి మనిషి, మాట మెత్తన, నిలబడి ఉన్నవాళ్ళ ఎదుట కూర్చునేవాడు కాదు. రెండు నమూనాలూ నేనే చూశాను. రెండూ నిల్.

డాక్టరమ్మ వాళ్ళతో మాట్లాడినప్పుడు రిపోర్టు పట్టుకుని నేను ఆ గదిలోనే ఉన్నాను. ఆ మాటలు నాకింకా గుర్తే.

“కౌంట్ లేదండీ సూర్యారావు గారూ. దాత సాయం తీసుకుంటే ఫలితం ఉంటుంది. మీకు అభ్యంతరం లేకపోతేనే” అన్నారు ఆవిడ.

“అభ్యంతరం ఎందుకండీ. మాబోటోళ్ళకి ఎవరో ఒకరు సాయం చెయ్యకపోతే ఎలా అవుద్దండీ?”

“ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పుకోవడం, చెప్పకపోవడం మీ ఇష్టం.”

“ఒకరి సాయం తీసుకుని దాచుకోవడం ఎందుకండీ, తప్పు కదా.”

ఆయన సంతకం పెట్టి బయటికి వెళ్ళాక, ఇంత పెద్ద మనసు చదువుకున్నవాళ్ళలో కూడా చూడలేదని డాక్టరమ్మ అన్నారు. నేనూ తల ఊపాను. మాకిద్దరికీ తట్టనిది ఏమిటంటే, మన వైపు ‘ఒంట్లో రక్తం లేదు’ అంటే రక్తం తక్కువగా ఉందని అర్థం. కౌంట్ లేదన్నా ఆయనకు అలాగే వినబడింది. తక్కువగా ఉంది, మందులతో పెరుగుతుంది. ఇక దాత అన్న మాట ఆయన రోజూ చూస్తున్నదే. మా వరండాలో మంచినీళ్ళ కూలర్ మీద ఎర్రరంగుతో రాసి ఉండేది: దాత ఫలానా, రైసుమిల్లు, తాడేపల్లిగూడెం. గుడిలో ఫ్యాను మీద, బళ్ళో బల్ల మీద ఉన్నట్టే. వైద్యానికి కూడా ఎవరో పుణ్యాత్ముడు సాయం చేస్తున్నాడని ఆయన అనుకున్నాడు. పైగా, చిన్న రైతు అని, చికిత్స చివరి భాగానికి డాక్టరమ్మ వాళ్ళ దగ్గర ఏమీ తీసుకోలేదు. ఆవిడ మంచితనం ఆయన అనుమానాన్ని పూర్తిగా తీర్చేసింది.

నా వంతు నేనూ చేశాను. ఆ రోజే లేబ్ గుమ్మంలో నిలబడిన సూర్యారావుకు డబ్బా మూత తీసి పొగ చూపించాను. ఇందులో పెడితే పదేళ్ళయినా చెక్కుచెదరదండీ అన్నాను. మనం ఇచ్చింది ఇందులోనే ఉంటుందాండీ అని ఆయన అడిగాడు. అన్నీ ఇందులోనే ఉంటాయండీ అన్నాను, గొప్పగా.

మూడో ప్రయత్నంలో నాగమణికి గర్భం నిలిచింది. నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం సూర్యారావు ఒక్కడే వచ్చాడు. చేతిలో అరటిపళ్ళ అత్తం, చంకలో బట్టల పొట్లం. తిన్నగా లేబ్‌కు వచ్చి పొట్లం విప్పి చూపించాడు. జరీ అంచు పంచెల చాపు, పైన కండువా.

“దాత గారి పేరు చెబితే బట్టలు పెట్టొస్తానండీ. మగపిల్లాడైతే ఆయన పేరే పెట్టుకుందామని నా మనసులో ఉంది. మా ఆవిడకి చెప్పలేదు, పేరు తెలిశాక చెబుదామని.”

నా చేతిలో గాజుపలక ఉంది. అది బల్ల మీద పెట్టడానికి నాకు చాలాసేపు పట్టింది.  ఆయన మొహం చూస్తే సంగతంతా ఒక్కసారిగా అర్థమైంది. తన బిడ్డకు బీజమిచ్చిన పరాయి మనిషికి బట్టలు పెట్టడానికి ఏ మగవాడూ ఇంత సంబరంగా రాడు.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. దాతల పేర్లు బయటపెట్టకూడదండీ, రూలు అన్నాను. అది అబద్ధం కాదు. నిజంగానే రూలు. కానీ నా జీవితంలో అంత పెద్ద అబద్ధం ఇంకోటి ఆడలేదు.

“గుప్తదానమాండీ?” అన్నాడు ఆయన.

“అవునండీ, గుప్తదానమే.”

ఆయన ఆ పంచెలు కళ్ళకద్దుకున్నాడు. వెళ్తూ వెళ్తూ వరండాలో కూలర్ దగ్గర ఆగి, గ్లాసుడు నీళ్ళు తాగి, దాని మీది అక్షరాలు కూడబలుక్కుని చదవడం లేబ్ కిటికీలోంచి చూశాను. చూసి కూడా బయటికి వెళ్ళలేదు.

రెండు రోజులకు గూడెం నుంచి ఫోను. రైసుమిల్లు యజమాని. ఆయన చెప్పిందీ, తర్వాత తెలిసిందీ కలిపితే జరిగింది ఇది. సూర్యారావు మిల్లుకు వెళ్ళాడు. కాటా దగ్గర హమాలీలు ధాన్యం బస్తాలు దించుతున్నారు. అరుగు మీద యజమాని, ఆయన వెనక గుమ్మంలో ఆయన భార్య. సూర్యారావు అందరి ముందూ ఆయనకు కండువా కప్పి, పంచెలు చేతుల్లో పెట్టి, కాళ్ళకు దణ్ణం పెట్టి, మీ దయ వల్ల మా ఆవిడ నెల తప్పిందండీ అన్నాడట. మీరు పేరు చెప్పొద్దన్నారంట గానీ నేను కనిపెట్టేశానండీ అని కూడా అన్నాడట. హమాలీలు బస్తాలు వదిలేసి నవ్వారు. ఒకడు, అంతా ఆయనే చూసుకున్నాడా మావా, నీకేం పని మిగల్చలేదా అన్నాడు. సూర్యారావు అదీ మెచ్చుకోలే అనుకుని, అంతా ఆయన చలవేనయ్యా అన్నాడు.

“మంచినీళ్ళ మిషను ఇచ్చిన పాపానికి నన్నేం చేశారయ్యా మీరు? మా ఆవిడ రెండ్రోజుల్నుంచి అన్నం పెట్టడం లేదు” అన్నాడు యజమాని ఫోనులో. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది.

డాక్టరమ్మ తలుపు వేసి మమ్మల్ని కూర్చోబెట్టారు. నన్నూ, సిస్టర్ మెహరున్నీసానూ. మెహరున్నీసా ఏలూరు మనిషే, వాళ్ళ నాన్న తివాచీలు నేసేవాడు. ముప్ఫై ఏళ్ళ ఆసుపత్రి అనుభవం. ఆడవాళ్ళతో మాట్లాడే పనంతా ఆవిడదే. డాక్టరమ్మ నా తెలుగు ఫారం తీసి మొదటిసారి పైకి చదివారు. చదివి, ఏ దాతండీ మూర్తి గారూ ఇది అని అడిగారు. నేను టైపు అమ్మాయి సంగతి చెప్పాను. ఆవిడ కాగితం మడిచి మళ్ళీ విప్పారు.

అప్పుడు మెహరున్నీసా ఇంకో సంగతి చెప్పింది. నాగమణికి తెలుసట. సీసా నంబరు చూపించి, ఇది మీ ఆయనది కాదమ్మా, వేరే మనిషిది అని మెహరున్నీసాయే విడమరిచి చెప్పిందట. మా ఆయనకి తెలుసాండీ అని నాగమణి అడిగితే, సంతకం పెట్టారు కదమ్మా అన్నదట. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద, ఒకరు తెలిసీ ఇంకొకరు తెలియకా నాలుగు నెలలుగా ఉన్నారు. ఇద్దరూ అవతలివాళ్ళకు తెలుసనే అనుకుంటున్నారు.

చెప్పకుండా ఉంటే పోలేదా అన్నాను నేను. ఆ మనిషి సంతోషంగా ఉన్నాడు. బిడ్డ పుడితే ఎత్తుకుని తిరుగుతాడు. నిజం చెప్పి ఎవరిని ఉద్ధరిస్తాం? ఈ వాదన చాలా తెలివిగా చేశాను. ఫారం అడుగున ‘తయారుచేసినవారు’ అని నా పేరుందని మాత్రం అనలేదు. డాక్టరమ్మ విన్నారు.

“ఆయన ఒప్పుకోని పని ఆయన భార్య ఒంటి మీద చేశాం మూర్తి గారూ. హమాలీలకు అర్థమైనది రేపో మాపో ఆయనకూ అర్థమవుతుంది. ఎవరి నోట వినాలి ఆయన?” అన్నారు. “గర్భం ఉంచుకోవాలో వద్దో వాళ్ళే తేల్చుకోవాలి. నెలలు ముదిరితే ఆ దారి కూడా ఉండదు. రేపే పిలిపిద్దాం. ఫారం మీరు రాశారు కాబట్టి మాట మీరే మొదలుపెట్టండి.”

ఇక నా ఘనకార్యం. మర్నాడు ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. ఎలా మొదలుపెట్టాలో తెలియక వరి దగ్గర మొదలుపెట్టాను. మన నారు దెబ్బతింటే పక్క రైతు దగ్గర తెచ్చి నాటుకుంటాం కదండీ అన్నాను. సూర్యారావు ఉత్సాహంగా అందుకున్నాడు. మొన్న సార్వా పంటకు కూడా స్వర్ణ రకం నారు అలాగే తెచ్చామండీ, నారు ఎవరిదైతే ఏంటండీ చేను మనదే కదా అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అర్థమైపోయింది, ఒప్పేసుకున్నాడు అనుకున్నాను. ఆయన ఇంకా నారు ధర, నీటి వంతుల గొడవ, కాలవలో పెరిగిన గుర్రపుడెక్క గురించి చెబుతూనే ఉన్నాడు. నేను అవునండీ, అవునండీ అంటూ వింటున్నాను. నాగమణి మాత్రం తల వంచుకుని ఉంది. ఆవిడకు అప్పటికే ఏదో తెలిసిపోయింది.

మెహరున్నీసా ఆపింది.

“సూర్యారావు గారూ, దాత అంటే సాయం చేసినాయన కాదండీ. మీ శాంపిల్లో కణాలు తక్కువ కాదు, ఒక్కటీ లేవు. వేరే మగమనిషి వీర్యంతో చేశాం. ఆయనెవరో మాకూ తెలీదు. గూడెం ఆయన మాత్రం కాదు. ఇది మీకు ముందే ఇలా చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు మాది.”

చెప్పింది ఆవిడ. ఆయన కళ్ళలోకి చూసింది కూడా ఆవిడే. నేను నా చెప్పులు చూసుకుంటున్నాను.

ఆయన డాక్టరమ్మ వైపు చూడలేదు. నా వైపు తిరిగాడు. “నాది ఆ డబ్బాలో లేదాండీ?” అన్నాడు.

“లేదండీ. పరీక్ష అయ్యాక పారబోస్తాం” అన్నాను. ఆ గదిలో నేనాడిన నిజం అదొక్కటే.

తర్వాత భార్యను అడిగాడు, నీకు తెలుసా అని. నాగమణి తలెత్తింది. “మీరు సంతకం పెట్టారు కదండీ. తెలిసే పెట్టారనుకున్నాను. ఎంత మనసుంటే ఏ మగాడైనా దీనికి ఒప్పుకుంటాడని, ఇన్నాళ్ళూ మిమ్మల్ని దేవుడల్లే చూసుకున్నాను” అంది.

“నేను దేనికి పెట్టానో నాకే తెలీదు” అన్నాడాయన. లేచి, డాక్టరమ్మకు నమస్కారం పెట్టాడు. అలవాటు కొద్దీ పెట్టి ఉంటాడు. బయటికి వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూస్తే పాత బస్టాండు వైపు నడుస్తున్నాడు. ఇరవై అడుగుల వెనక నాగమణి. ఆయన వెనక్కి తిరగలేదు, అలాగని వేగమూ పెంచలేదు.

తర్వాత పది రోజులూ కేంద్రంలో గర్భం వద్దంటారని డాక్టరమ్మ, కేసు పెడతారని నేను, నాగమణిని పుట్టింటికి పంపేస్తారని మెహరున్నీసా, ఎవరి భయం వాళ్ళది. పదకొండో రోజున ఇద్దరూ వచ్చారు. ఉంచుకుందామనుకున్నామండీ అన్నాడు సూర్యారావు. నాకేసి చూసి, ఎవరైతే ఏంటండీ, దాత దాతే కదా అన్నాడు. మరుసటి వేసవి చివర్లో గూడెంలో కాన్పయింది. ఆడపిల్ల.

వాళ్ళకు నిజం చెప్పిన వారమే ఫారం మార్చాం. ఈసారి డాక్టరమ్మ రాశారు. వీర్యం అన్న మాట మూడు చోట్ల పెద్ద అక్షరాలతో వేయించారు. డి.టి.పి. అమ్మాయి చకచకా టైపు చేసి, ఇంకేమైనా ఉన్నాయాండీ అని అడిగింది. అడుగున నాలుగు ఖాళీ గీతలు పెట్టాం. ఏం చేయబోతున్నారో భర్త తన మాటల్లో తానే రాయాలి. చదువు రానివారు చెబితే సాక్షి రాయాలి. ఆ నాలుగు గీతలూ చదవకుండా నేను డబ్బా మూత తీసింది లేదు. ఒకటి రెండుసార్లు తీశాను. రద్దీగా ఉన్న రోజుల్లో.

నేర్చుకున్నది ఇంతే. సంతకం సమ్మతి కాదు. ఎదుటివాడు తల ఊపడమూ సమ్మతి కాదు, మర్యాదగల మనుషులు అర్థం కాకపోయినా తల ఊపుతారు. ఎవరి శరీరానికి, ఎవరి వంశానికి సంబంధించిన పని అయితే వాళ్ళ నోటితో, వాళ్ళ మాటల్లో వినాలి. విన్నాకే సీసా తీయాలి. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది అదొక్కటే.

అచ్చుకు పంపే ముందు ఈ కాగితాలు మెహరున్నీసాకు చూపించాను. ఆవిడా రిటైరైంది. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, ఒక చోట వేలు పెట్టి, ఇది మార్చండి అంది.

“పదకొండో రోజున వచ్చింది నాగమణి ఒక్కతేనండీ. ఉంచుకుందామన్నారని ఆవిడ చెప్పింది. దాత దాతే కదా అన్నదీ ఆవిడే. సూర్యారావు గారు మళ్ళీ మన గడప తొక్కలేదు. ఆయన్ని మనం అడగనూ లేదు.”